నమూనా నూలు పెట్టె... గిట్టుబాటేనా?

చెన్నైలో ఉన్నా, తడ దాటి ఇటున్నా... నెలనెలా చందా కడితే నూలు నమూనాల పెట్టె ఇంటికే వస్తుంది. విప్పితే రంగురంగుల చిన్న చుట్టలు. చూడముచ్చటే! కానీ చుట్ట పది గ్రాములైతే దానితో అల్లేదేముంది? చంటిపాప టోపీకే 40 గ్రాముల దాకా కావాలి. పెద్దవాళ్ల స్వెట్టరైతే అరకిలో లాగేస్తుంది.

పెట్టె రూ.600, అందులో నూలు 60 గ్రాములు అనుకుందాం. గ్రాము పది రూపాయలు పడ్డట్టు! అదే రకం ఉండ దుకాణంలో ఎంతో అడిగితే తేడా తెలిసిపోతుంది. అల్లి అమ్ముకుని నాలుగు రూపాయలు వెనకేసుకునే ఇల్లాళ్లకు ఈ లెక్క మరీ ముఖ్యం.

అలాగని దండగని కొట్టిపారేయలేం. ఆ పది గ్రాములతో పది సెంటీమీటర్ల చదరం అల్లొచ్చు. అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టి, ఉతికి ఆరేస్తే కుంచించుకుపోయేదేదో, రంగు వదిలేదేదో బయటపడుతుంది. మెడకు ఆనిస్తే గుచ్చుకునేదీ తెలుస్తుంది. చెన్నై ఉక్కపోతకు ఊలు కన్నా కాటనే హాయి. నచ్చిన రంగు తర్వాత తెప్పిస్తే మాత్రం ఛాయ మారొచ్చు. ఒక్కో అద్దకానికి ఒక్కో లాట్ నంబరు మరి! ఉండలన్నీ ఒకే నంబరువి, ఒకేసారి కొనాలి.

మిగిలిన చదరాలు? కలిపితే దుప్పటి. చెన్నైలో 2016లో ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ బృందం మహిళలు అలాగే ముక్కలు జోడించి, 11,148.5 చదరపు మీటర్ల దుప్పటితో గిన్నిస్‌కెక్కారు. వాళ్లది క్రోషే. సూదుల అల్లికైనా కిటుకు అదే... నూలు మందం ఒకటే ఉండాలి.

సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కి, షావుకారుపేట దుకాణాల్లో చేత్తో తడిమి కొనుక్కోగలిగితే ఏడాది చందా ఎందుకు? ఊరు కదల్లేనివారు ఒక్క నెల పెట్టె తెప్పించి చూడొచ్చు.