పొరల మధ్య బంక

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 19 మిల్లీమీటర్ల మందం. బరువు కాస్త అటూ ఇటూగా 37 కిలోలు. చాలా అపార్ట్‌మెంట్ల లిఫ్టులో పట్టదు కనుక ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని, మలుపు మలుపుకీ గోడకు తగలకుండా తిప్పుకుంటూ మెట్లెక్కించాలి. కరోనా రోజుల నుంచి హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లు పడకగదిలో ఓ గోడనో, బాల్కనీ పక్కనున్న మూలనో ఆఫీసుగా మార్చుకున్నప్పుడు ఇంట్లోకి ముందుగా వచ్చింది ఈ ప్లైవుడ్ షీటే. కింద సొరుగులు, నడుమ కంప్యూటర్‌కు బల్ల, పైన ఫైళ్లకూ పుస్తకాలకూ అరలు, మొత్తం గోడలో కలిసిపోయేలా కబోర్డు. యజమాని ఎక్కువసేపు ఆలోచించేది పైన అతికించే మైకా రంగు గురించి. కబోర్డు అయిదేళ్లుంటుందా పాతికేళ్లుంటుందా అని తేల్చేది మాత్రం కంటికి కనబడని బంక.

అసలు టేకు పలకతోనే ఎందుకు చెయ్యకూడదు? ఖరీదు ఒక్కటే కారణం కాదు. చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి పొడవులో నూటికి అర వంతు కూడా తగ్గదు. అడ్డంగా, వయసు వలయాల వెంబడి, చాలా జాతుల్లో 5 నుంచి 10 శాతం దాకా కుంచించుకుపోతుంది. వానాకాలంలో బిగుసుకుని, ఎండలు ముదిరాక వదులయ్యే పాత తలుపు రహస్యం ఇదే. మన వడ్రంగులకు ఈ సంగతి బాగా తెలుసు. చట్రానికి గాడి తీసి, నడిమి పలకను బంక పెట్టకుండా అందులోకి దూర్చి వదిలేసేవారు. అది ఉబ్బినా తగ్గినా గాడిలోనే కదులుతుంది. గూళ్లకూ గోడ బీరువాలకూ పెట్టిన దిలాసా తలుపుల వెనకున్న ఆలోచన అది.

ప్లైవుడ్‌ది ఇంకో దారి. చెక్కను పల్చటి పొరలుగా తీసి, ఒక పొర ఈనె నిలువుగా ఉంటే తర్వాతి పొర ఈనె అడ్డంగా ఉండేలా అతికిస్తారు. అడ్డంగా సాగబోయే పొరను పక్క పొర నిలువు బలం పట్టి ఆపుతుంది. పొరల సంఖ్య బేసిగా ఉండటం కూడా అందుకే. నడిమి పొరకు రెండు వైపులా లాగుడు సమానంగా ఉంటేనే షీటు వంకర తిరగదు.

ఈ ఆలోచన చాలా పాతది. ఈజిప్టులో సక్కారా మెట్ల పిరమిడ్ దగ్గర దొరికిన శవపేటిక ముక్కలో ఆరు పల్చటి చెక్క పొరలు ఒకదానికొకటి అడ్డంగా పేర్చి ఉన్నాయి. వాటిని కలిపి ఉంచినవి చెక్క మేకులు. దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల కిందట ఆలోచన ఉంది, నమ్మదగ్గ బంక లేదు.

యంత్రాల యుగంలో దీన్ని మళ్లీ తలకెత్తుకున్నవాడు సామ్యూల్ బెంథామ్. తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ తమ్ముడు, బ్రిటిష్ నౌకాదళ నిర్మాణాల పర్యవేక్షకుడు. 1797లో ఆయన తీసుకున్న చెక్క పని యంత్రాల పేటెంట్లలో పల్చటి పొరలను అతికించి మందం చెయ్యడమన్న మాట కూడా ఉంది. అయితే రంపంతో పొరలు కోస్తే చెట్టులో చాలా భాగం పొట్టుగా రాలిపోతుంది. 19వ శతాబ్దంలో వచ్చిన దుంగ ఒలిచే లేతు ఈ లెక్కను మార్చేసింది. దుంగను ఉడకబెట్టి మెత్తబరిచి, లేతుకు బిగించి తిప్పుతూ, దాని పొడవునా పొడవాటి కత్తిని ఆనిస్తారు. చాప చుట్ట విప్పినట్టు దుంగ అంతా ఒకే పొడవాటి పొరగా బయటికి వస్తుంది. ఈ యంత్రం ఘనతను డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్ తండ్రి ఇమ్మాన్యుయెల్ నోబెల్‌కు కట్టబెట్టేవాళ్లున్నారు. అంతకు ముందే ఇలాంటివి ఉన్నాయనేవాళ్లూ ఉన్నారు.

లేతు వచ్చాక ఎస్తోనియాలోని టాలిన్ నగరంలో లూథర్ కుటుంబపు ఫ్యాక్టరీ తేమను ఓర్చుకునే బంకతో బర్చ్ చెట్టు పొరల షీట్లు తయారుచేసి లండన్‌కు పంపడం మొదలుపెట్టింది. వాటితో టోపీ పెట్టెలు, టీ పెట్టెలు చేసేవారు. 1907లో దక్షిణ ధ్రువ యాత్రకు బయల్దేరిన షాకిల్టన్ బృందం సామాను కూడా ఈ రకం పెట్టెల్లోనే వెళ్లింది. అంటార్కిటికా గుడిసెలో చలికాలం గడవక వాళ్లు 1908లో ‘అరోరా ఆస్ట్రాలిస్’ అనే పుస్తకాన్ని అక్కడే అచ్చువేశారు. అట్టలుగా వాడింది ఆ పెట్టెల పలకల్నే. కొన్ని ప్రతుల లోపల వెన్న, చిక్కుళ్లు వంటి సరుకుల పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ పేర్లను బట్టే గ్రంథాలయాలు ఏ ప్రతి ఏదో గుర్తుపడతాయి.

1905లో అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరపు ప్రదర్శనకు అక్కడి చిన్న ఫ్యాక్టరీ ఒకటి డగ్లస్ ఫర్ పొరలను చేత్తో బంక పూసి అతికించి, ఇళ్లను పైకెత్తే జాకీలతో నొక్కి షీట్లు చేసి పెట్టింది. తలుపుల వ్యాపారులు ఎగబడి కొన్నారు. కానీ తడి తగిలితే పొరలు విడిపోయేవి. ఆ బంక జంతువుల ఎముకలు, తోళ్లు ఉడికించి తీసింది. తర్వాత సోయా పిండి, పాల నుంచి తీసిన కేసీన్ వచ్చాయి. అన్నీ ప్రొటీన్లే. నీరు వాటిని మెత్తబరుస్తుంది, బూజు తింటుంది. 1934లో జేమ్స్ నెవిన్ అనే రసాయన శాస్త్రవేత్త నీటికి లొంగని బంకను ఫ్యాక్టరీ పనికి సరిపోయేలా తీర్చిదిద్దాకే ప్లైవుడ్ వానలోకి రాగలిగింది.

బంక సంగతి ఎంత ప్రాణాంతకమో భారతదేశంలోనే ఒకసారి బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో అల్యూమినియం కరువైనప్పుడు బ్రిటిష్ కంపెనీ డి హావిలాండ్ చెక్కతో ‘మస్కిటో’ యుద్ధవిమానాన్ని తయారుచేసింది. బర్చ్ ప్లై పొరల నడుమ తేలికైన బాల్సా చెక్క. 1940 నవంబరు 25న తొలిసారి ఎగిరిన ఈ విమానాలు మొత్తం 7,781 తయారయ్యాయి. కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగి షెడ్లలో కూడా వీటి భాగాలు చేశారు. 1944లో ఇక్కడి స్థావరాల్లో కొన్నింటి రెక్కల అతుకులు విడిపోయి విమానాలు కూలాయి. అతుకుల దగ్గర సందులు మిగిలిపోవడం, అందులోకి తేమ చేరడం కారణమని విచారణలో తేలింది. మన ఎండావానలకు ఓర్చుకోవాలని కేసీన్ స్థానంలో యూరియా ఫార్మాల్డిహైడ్ బంక వాడారు. ఈనాటి సాధారణ ప్లైవుడ్‌లో ఉన్నది ఆ జాతి బంకే.

మన దేశంలో ఈ పరిశ్రమ మొదలైంది టీ పెట్టెల కోసం, అస్సాంలో. అడవి మహావృక్షాలే దాని ముడిసరుకు. తమిళనాడు గూడలూరు ప్రాంతపు అడవుల గురించి గోదావర్మన్ తిరుముల్పాడ్ వేసిన కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అడవుల నరికివేతను కట్టడి చేస్తూ దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. ఈశాన్యంలో మిల్లులు మూతపడ్డాయి. పరిశ్రమ పొలాల దగ్గరికి నడిచొచ్చింది: హర్యానాలోని యమునానగర్‌లో పోప్లర్, కేరళలోని పెరుంబావూరులో రబ్బరు చెట్టు. ఖమ్మం, ప్రకాశం, గోదావరి జిల్లాల రైతులు కాగితం మిల్లుల కోసం వేసే జామాయిల్ కూడా పొరలుగా మారగలిగిన చెట్టే. తోటలో పెరిగిన దుంగ సన్నం. పాత లేతు దుంగ రెండు కొసల్నీ బిగించి పట్టుకుంటుంది కాబట్టి నడుమ లావుపాటి కర్ర మిగిలిపోతుంది. కొత్త యంత్రాల్లో ఆ బిగింపు లేదు. రోలర్లే దుంగను తిప్పుతాయి. చివరికి చీపురు పిడి అంత కర్ర మిగిలేదాకా ఒలుస్తాయి.

ఇప్పుడు ఆఫీసు గదిలోకి. అక్కడ ఎక్కువగా తప్పు జరిగేది పుస్తకాల అర దగ్గర. అడుగు మేర నిలబెట్టిన పుస్తకాలు సుమారు 9, 10 కిలోలు తూగుతాయి. బరువు అలా పరుచుకున్నప్పుడు అర వంపు దాని పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 2 అడుగుల అరను 3 అడుగులు చేస్తే వంపు 5 రెట్లు. మందం మాత్రం మూడో ఘాతంలో సాయం చేస్తుంది. 12 మిల్లీమీటర్లకు బదులు 19 వేస్తే వంపు నాలుగో వంతుకు దిగుతుంది. ఇంకో మెలిక ఉంది. పై పొర ఈనె అర పొడవునా ఉంటేనే బలం. షీటు వృథా కాకూడదని ముక్కను అడ్డంగా తిప్పి కోస్తే, మైకా అంటించాక ఆ దొంగతనం ఎవరికీ కనపడదు. రెండేళ్లకు అరే చెబుతుంది. అర ముందంచుకు ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీ నిలువుగా కొట్టిస్తే మంచిది.

గోడలు తూకంలో ఉండవు. అందుకే అనుభవమున్న కార్పెంటర్ పెట్టెను గోడకు గోడకు సరిగ్గా కొలిచి కొయ్యడు. రెండు వైపులా కాస్త సందు వదిలి, గోడ వంకరను బట్టి చిత్రిక పట్టిన పట్టీతో దాన్ని మూస్తాడు. గోడ అవతల బాత్‌రూము ఉంటే బంక రకం చూసుకోవాల్సిందే. ఎంఆర్ అని రాసున్న షీటు గాలిలో తేమనే ఓర్చుకుంటుంది, నీటిని కాదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారు. అందులో బంక ఫినాల్ రకం. గది కబోర్డుకు ప్రతి అంగుళమూ మెరైన్ అవసరం లేదు. తడి గోడకు ఆనే వెనక పలకకూ, తుడుపు నీళ్లు తగిలే అడుగు భాగానికీ వేసి, కోత అంచులన్నీ మూయిస్తే చాలు.

ఏసీ వేసి తలుపులు మూసిన కొత్త గదిలో కళ్లు మండితే దానికీ కారణం బంకే. యూరియా రకం బంక వేడికీ తేమకూ కొద్దికొద్దిగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. షీట్ల మీద కనిపించే ఈ1, ఈ0 ముద్రలు ఎంత వాయువు వెలువడుతుందో చెప్పేవి. ఫినాల్ బంకతో ఈ బెడద చాలా తక్కువ. పని ముగిశాక కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచమనడం చాదస్తం కాదు.

యూరియా బంకకు బదులు వెతికినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త కైచాంగ్ లీ సముద్రపు రాళ్లను ఆల్చిప్పలు అలల ధాటికి కూడా వదలకపోవడం చూసి, వాటి ప్రొటీన్ బంక మీద పని మొదలుపెట్టాడు. ఆల్చిప్పల్ని పెంచి బంక తీయడం గిట్టుబాటు కాదు. అందుకని చవగ్గా దొరికే సోయా పిండిని తీసుకుని, తడి తగిలినా టిష్యూ కాగితం చిరగకుండా కాగితం మిల్లుల్లో వాడే రెజిన్‌తో కలిపాడు. 2000ల మధ్యలో కొలంబియా ఫారెస్ట్ ప్రాడక్ట్స్ అనే కంపెనీ తన అలంకరణ ప్లైవుడ్‌లో యూరియా బంకను మానేసి దీనికి మారింది. ఒకప్పుడు నీళ్లకు ఆగలేక పక్కకు తప్పుకున్న సోయా, అమెరికా ప్లైవుడ్ మిల్లుల్లోకి మళ్లీ వచ్చి చేరింది.