పెసర వేళ్లలోని సూక్ష్మజీవులు
జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పెసర రైతు సోదరులారా! పూతకు ముందు ఒక మొక్కను మట్టితో పెకలించి, వేళ్లను మెల్లగా కడిగి చూడుడు. బొడిపెలు కనిపించును. కోసినపుడు లోపల ఎర్రగా ఉన్నచో, అందలి రైజోబియం సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరుకు అందించుచున్నవని గ్రహింపవలెను.

1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ వీటిని వేరుచేసి పెంచెను. ప్రయోగశాలలో బొడిపెను పైన శుద్ధిచేసి, నలిపి, ఆ రసమును అగారు పళ్లెముపై గీతలుగా రాచి, 28 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉంచుదురు. కొద్ది రోజులలో అవి జిగట చుక్కలవలె పెరుగును.

పొట్లములోని కల్చరు వీటి సముదాయమే. 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల బెల్లము మరిగించి, పూర్తిగా చల్లార్చి, 8 కిలోల విత్తనముపై చల్లి, 200 గ్రాముల కల్చరు పట్టించి, నీడన ఆరబెట్టి విత్తవలెను. వేడి నీరు, ఎండ తగిలిన ఆ ప్రాణులు చచ్చును. ఖర్చు వృథా యగును.