కాఫీ సీసా పారేయకండి... విత్తనాలకు దాచుకోండి!

పొద్దున్నే గుక్కెడు కాఫీ పడందే పనిలోకి దిగబుద్ధి కాదు. ఇంట్లో నలుగురికీ అయితే అదొక లెక్క. నాట్లప్పుడో, కలుపులప్పుడో పదిమంది కూలీలకు చేనికి కాఫీ పంపాలంటే మరో లెక్క. ఇదివరకు ఈ ఖర్చును ఎవరూ సేద్యం పద్దులో రాసుకునేవారు కాదు. ఇప్పుడు రాసుకోక తప్పేట్టు లేదు. అందుకే ఈ వారం కాఫీ ఖర్చు కాస్త తగ్గించుకునే దారులు, ఖాళీ సీసాతో సేద్యానికి పనికొచ్చే పని చెప్పుకుందాం. ఆ సీసాతో ఎన్నడూ చేయకూడని పని కూడా ఒకటుంది. అది చివర్లో ఉంది, తప్పకుండా చదవండి.

ఎందుకు పెరిగింది?

ప్రపంచంలో కాఫీ ఎక్కువగా పండించే దేశాలు బ్రెజిల్, వియత్నాం. 2024లో రెండు చోట్లా వానలు మొహం చాటేశాయి. తోటలు ఎండాయి, దిగుబడి మీద దెబ్బ పడింది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా గింజల ధర పౌనుకు, అంటే సుమారు 450 గ్రాములకు, 4 డాలర్లు దాటింది. అంతకు ముందెన్నడూ అంత ధర పలకలేదు. మన దేశంలో పండే కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతి అయ్యేదే. కాబట్టి అక్కడి ధర సెగ మన ఊరి కొట్టుకూ తగులుతుంది. అయితే అందరికీ ఇది నష్టమే అనుకోకండి. అరకు, పాడేరు కొండల్లో కాఫీ పండించే గిరిజన రైతులు కూడా మనలాంటి చిన్న కమతాల వాళ్ళే. మంచి ధర వస్తే వాళ్ళకూ నాలుగు డబ్బులు మిగులుతాయి.

కొనేటప్పుడు లెక్క చూడండి

ప్యాకెట్ మీద ధరే కాదు, బరువు కూడా చూడండి. ధరను గ్రాములతో భాగించి, వెయ్యితో హెచ్చిస్తే కిలో ఎంత పడిందో తెలుస్తుంది. చిన్న పొట్లాలు చవకగా కనబడతాయి గానీ లెక్క వేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో ఒక మంచి సీసా ఉంటే, మళ్ళీ మళ్ళీ సీసాకు డబ్బు పెట్టకుండా ప్యాకెట్ తెచ్చి అందులో పోసుకోవచ్చు.

ప్యాకెట్ వెనక చికోరీ ఎంత ఉందో కూడా చదవండి. చికోరీ అంటే ఒక మొక్క వేరును వేయించి కొట్టిన పొడి. కలిపి అమ్మడం తప్పు కాదు. కానీ కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద రాయాలి. ఇది చట్టం. 70 పాళ్ళు కాఫీ ఉన్న పొడికీ, 53 పాళ్ళు ఉన్న పొడికీ ఒకటే ధర చెబితే, ఏది లాభమో మీకే తెలుస్తుంది. ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇన్‌స్టంట్ కాఫీ మీద జీఎస్‌టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర చెబితే అడగండి.

పొడిలో తడి చెంచా పెట్టకండి, గడ్డకట్టి సగం వృథా అవుతుంది. ఫిల్టరు వాడేవాళ్ళు రెండో డికాషన్‌ను పారబోయకుండా మొదటి దాంట్లో కలుపుకోండి. మిగిలిన పిప్పిని ఎరువు గుంతలో చల్లండి, అందులో సుమారు 2 శాతం నత్రజని ఉంటుంది. ఒకేచోట మందంగా మాత్రం వేయకండి. కూలీలకు రెండు పూటలా కాఫీయే పంపనక్కర్లేదు. ఎండపూట మజ్జిగ కలిపిన రాగి జావ పంపి చూడండి, కడుపుకూ ఆసరా, ఖర్చూ తక్కువ.

సీసాలో విత్తనం దాచే పద్ధతి

ఇక సీసా సంగతి. బిగుతుగా మూతపడే గాజు సీసాకు మించిన విత్తనాల పెట్టె లేదు. గాలి చొరబడదు, చెమ్మ ఎక్కదు, ఎలుక కొరకదు. ఏటా బీర, సొర, కాకర, చిక్కుడు, బెండ, గోంగూర విత్తనాలకు పెట్టే డబ్బు మిగులుతుంది. అయితే హైబ్రిడ్ కాయ గింజలు దాచకండి. వాటి మొక్కలు తల్లిలాగా రావు. నాటు రకాలు, సూటి రకాలే దాచుకోండి.

ముందు సీసాను, మూతను వేడినీళ్ళతో కడిగి రోజంతా ఎండలో పెట్టండి. లోపల ఒక్క చుక్క తడి ఉన్నా పనికిరాదు. తెగులు లేని చెట్టున బాగా ముదిరి ఎండిన కాయల నుంచే గింజ తీయండి. నీడలో ఆరబెట్టి, తర్వాత నాలుగైదు రోజులు పొద్దుటి లేత ఎండ చూపండి. మిట్టమధ్యాహ్నం సిమెంటు గచ్చు మీద పోస్తే లోపలి మొలక మాడిపోతుంది.

ఆరిందో లేదో ఎలా తెలియాలి? బీర, సొర గింజ వంచితే పుటుక్కున విరగాలి. చిక్కుడు, అలసంద, పెసరలకైతే ఉప్పు పరీక్ష ఉంది. మూకుట్లో వేయించి చల్లార్చిన ఉప్పు రెండు చెంచాలు, గింజలు గుప్పెడు ఒక పొడి సీసాలో వేసి నిమిషంపాటు బాగా కుదపండి. పావుగంట అలా ఉంచండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే. అంటుకోకపోయినా తొందరపడకండి, మరో రెండు మూడు రోజులు ఎండబెట్టాకే మూత పెట్టండి. పరీక్ష చేసిన గుప్పెడూ మళ్ళీ విత్తనంలో కలపొద్దు. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని గుర్తుపెట్టుకోండి. పచ్చి గింజకు గట్టి మూత పెడితే మాత్రం బూజు పట్టి చస్తుంది.

సీసా అడుగున జల్లించి, వేడిచేసి చల్లార్చిన కట్టెల బూడిద వేసి, మీద కాగితం పరిచి గింజలు పోయండి. మిగిలిన చెమ్మను బూడిద లాగేసుకుంటుంది. పప్పుజాతి గింజలకు పుచ్చు పట్టకుండా కిలోకు 5 నుంచి 10 మిల్లీలీటర్ల వేరుశనగ నూనెగానీ ఆముదంగానీ పట్టించండి. సీసాను మెడదాకా నింపండి. గాలి ఎంత తక్కువుంటే పురుగు అంత తక్కువ. పేరు, నెల, సంవత్సరం రాసిన చీటీ ఒకటి లోపల, ఒకటి బయట పెట్టండి. పొయ్యి పైనున్న అటక మీద కాకుండా, చల్లగా చీకటిగా ఉండే మూల ఉంచండి.

ఇలా దాస్తే బీర, సొర, దోస గింజలు మూడు నాలుగేళ్ళు నిలుస్తాయి. ఉల్లి మాత్రం ఏడాది దాటితే నమ్మకం లేదు. విత్తే ముందు 20 గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. 16 మొలిస్తే 80 శాతం, భేషుగ్గా ఉన్నట్టు. పదే మొలిస్తే రెట్టింపు గింజ వేయండి.

మూతకు చిల్లులు పెట్టిన రేకు డబ్బా కూడా పనికొస్తుంది. తోటకూర, నువ్వుల్లాంటి సన్న గింజల్ని పొడి ఇసుకలో కలిపి దాంతో చల్లితే సమంగా పడతాయి.

ఈ ఒక్క పని చేయకండి

కాఫీ సీసాలో పురుగుమందు పోయకండి. మిగిలిన మందును, చేబదులు తెచ్చిన మందును చేతికందిన సీసాలో పోసి గూట్లో పెట్టడం మన పల్లెల్లో మామూలైపోయింది. పొడి మందులు, గుళికలు కొన్ని చూడ్డానికి కాఫీ పొడిలాగే ఉంటాయి. కరెంటు పోయిన రాత్రి, నిద్రకళ్ళతో లేచిన తెల్లవారుజామున, అమ్మమ్మ చేతికో పసివాడి చేతికో ఆ సీసా అందితే? చదువురాని వాళ్ళకు సీసా ఆకారమే గుర్తు. కాఫీ సీసా అంటే కాఫీ అనే అనుకుంటారు.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. మందు డబ్బా మీద మందు పేరు, విరుగుడు రాసి ఉంటాయి. జరగరానిది జరిగితే డాక్టరుకు అదే ఆధారం. కాఫీ సీసా తీసుకెళ్తే ఆయన దేనికని వైద్యం చేయాలి? కాబట్టి మందును దాని డబ్బాలోనే ఉంచి, పిల్లలకు అందకుండా తాళం వేయండి. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. వెంటనే 108కు ఫోను చేసి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మందు పట్టించిన రంగు విత్తనాలకూ ఇదే నియమం, వాటిని దాని సంచిలోనే ఉంచండి. ఒకసారి విత్తనానికి వాడిన సీసాను మళ్ళీ వంటింట్లోకి తేవొద్దు. ఈ రోజే ఒకసారి మీ గూళ్ళు, అటకలు వెతకండి. పేరు లేని సీసా ఏదైనా దొరికితే మూత తీసి వాసన చూడకండి. పిల్లలకు అందకుండా పక్కన పెట్టి, మీ వ్యవసాయాధికారికి చూపించి ఏం చేయాలో అడగండి. మిగిలిన మంచి సీసాలు కడిగి ఎండబెట్టండి. వచ్చే పాదులకు గింజలు అందులోంచే తీసుకోవచ్చు.