పాత కారు కొంటున్నారా? మీటరు లైట్లు చూసుకోండి
ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత కారు కొని చూడు అని కూడా ఇప్పుడు చేర్చుకోవచ్చు. పంట డబ్బు పోసి కొన్న కారు ఇల్లు చేరకముందే మీటరులో లైటు వెలిగితే ఏ రైతుకైనా గుండె గుభేలుమంటుంది.

ఎర్ర లైటు ప్రమాదానికి, పసుపు లైటు జాగ్రత్తకు గుర్తు. ఎర్రగా నూనె డబ్బా బొమ్మ కనబడితే వెంటనే ఇంజన్ కట్టేయాలి. పక్క ఊరి దాకా పోదామనుకుంటే ఇంజన్ పట్టేస్తుంది. వేడి గుర్తు వెలిగితే బండి ఆపాలి, చల్లారేదాకా రేడియేటర్ మూత తీయరాదు. పసుపు ఇంజన్ బొమ్మ నిలకడగా వెలిగితే నెమ్మదిగా మెకానిక్ దగ్గరకు పోవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం ఆపేయడమే మేలు.

స్టీరింగ్ కింది సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే కోడ్ వస్తుంది. లోపం ఎటువైపుందో అది చెబుతుందే గాని, ఏ సామాను మార్చాలో చెప్పదు. వైర్లు చూడకుండా సెన్సార్ మారిస్తే డబ్బు దండగ.

కొందరు కోడ్ చెరిపేసి బండి అమ్ముతారు. చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లలో స్కానర్‌లోనే కనబడుతుంది.

బేరానికి ముందే తాళం తిప్పి చూడాలి. ఆయిలు, బ్యాటరీ, ఇంజన్ లైట్లు వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. అసలే వెలగని లైటుంటే పీకేశారేమోనని అనుమానించాలి. అడ్వాన్సు ఇచ్చేది ఆ తర్వాతే.