అయ్యో... నా కథ ఎవరో రాసేశారు!

ఏళ్ల తరబడి మనసులో మోసిన కథ. సగం నవల అయింది. సరిగ్గా అప్పుడే ఎవరిదో పుస్తకం కంటపడుతుంది. అచ్చం మన కథలాగే ఉంటుంది. ఇక రాయాలా... చింపేయాలా?

పిల్లలు పడుకున్నాక, వంటింటి పని ముగిశాక, డైనింగ్ టేబుల్ మీద నోట్సు పుస్తకం తెరుస్తారామె. రోజుకు రెండు పేజీలు. 1977 దివిసీమ ఉప్పెనలో చెల్లాచెదురైన ఓ కుటుంబం ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ కలుసుకునే కథ. నూటయాభై పేజీలయ్యాయి. ఓ ఆదివారం పుస్తక ప్రదర్శనకు వెళ్లి, చేతికందిన నవల వెనక అట్ట చదివారు. అంతే... గుండె జారిపోయింది. అందులోనూ ఉప్పెనే! అక్కడా కుటుంబం విడిపోవడమే!

ఇంటికొచ్చి నోట్సు పుస్తకాన్ని బీరువాలో చీరల అడుగున పెట్టేశారు. ‘ఏమోయ్, రాయడం మానేశావేం?’ అని ఆయన అడిగితే, ‘ఏముందిలెండి, ఎవరో రాసేశారు’ అని ఒక్కమాటలో తేల్చేశారు.

ఈమె మన ఊహలోని మనిషే. కానీ రాసే అలవాటున్న ఇళ్లలో ఇలాంటి నోట్సు పుస్తకాలకు కొదవ లేదు. వాటిలో చాలావాటిని అలా దాచేయాల్సిన అవసరమే లేదు.

తొలి నవలకే తప్పలేదు!

తెలుగులో తొలి నవలగా ఎక్కువమంది చెప్పే ‘రాజశేఖర చరిత్రము’నే తీసుకోండి. కందుకూరి వీరేశలింగం దాన్ని 1878లో రాశారు. అంతకు వందేళ్లకు ముందే, 1766లో ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ వచ్చింది. నిజానికి కందుకూరి మొదలుపెట్టింది ఆ ఇంగ్లిషు నవల అనువాదమే. కొంత రాశాక అది మన ఆచారాలకు పొసగదనిపించి పక్కన పెట్టేశారు. సొంతంగా మరో కథ అల్లారు.

రెండింటినీ పక్కపక్కన పెడితే చుట్టరికం కనిపిస్తుంది. రెండింటిలోనూ మంచివాడైన ఇంటిపెద్ద ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. కుటుంబం కష్టాలపాలవుతుంది. చివరికి అందరూ ఓ దరి చేరతారు. అయితే అక్కడ మతాచార్యుడి డబ్బుతో వ్యాపారి ఉడాయిస్తే, ఇక్కడ ధవళేశ్వరంలోని రాజశేఖరుడు పొగడ్తలకు లొంగి, బంగారం చేసిస్తానన్న బైరాగిని నమ్మి ఇల్లు గుల్ల చేసుకుంటాడు. జాతకాలు, శకునాలు, దొంగ స్వాములు... ఆనాటి గోదావరి తీరమంతా అందులో ఉంది. అది ఏ ఇంగ్లిషు నవలలో దొరుకుతుంది? అందుకే అది మన నవలయింది. 1887లో ఇంగ్లిషులోకి కూడా వెళ్లింది.

అసలు మనకిది కొత్తా? ఎన్ని రామాయణాలు లేవు! మళ్లీ రామాయణమెందుకన్న ప్రశ్నను విశ్వనాథ సత్యనారాయణ ‘రామాయణ కల్పవృక్షం’లో తనే వేసుకుని, తనే జవాబిచ్చుకున్నారు. లోకం రోజూ తింటున్న అన్నమే తింటోంది కదా, ఎవరి రుచి వారిది, ఎవరి అనుభూతి వారిది అన్నది ఆయన వాదన సారాంశం. 1970 సంవత్సరానికి ఆయనకు జ్ఞానపీఠ పురస్కారం దక్కింది ఆ కావ్యానికే.

అలాగని అనుకరణ మంచిదని కాదు. భట్టుమూర్తి ‘వసుచరిత్ర’ను చూసి అదే పోకడలో ఎన్నో కావ్యాలు పుట్టుకొచ్చాయి. వాటికి లోకం పెట్టిన పేరు ‘పిల్ల వసుచరిత్రలు’. కథ ఒకటే అయితే ఒప్పుకున్న పాఠకుడే, గొంతు కూడా ఒకటే అయితే నవ్వేశాడన్నమాట!

హెలెన్ కెల్లర్ భయం

‘ఎక్కడో చదివి మర్చిపోయి, నాదే అనుకుని రాస్తున్నానేమో’ అన్నది ఇంకో భయం. ఇది ఉత్త అనుమానం కాదు. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్‌కు పదకొండేళ్ల వయసులో, 1891లో సరిగ్గా ఇదే జరిగింది. ‘ది ఫ్రాస్ట్ కింగ్’ అనే కథ రాసి, పెర్కిన్స్ అంధుల పాఠశాల డైరెక్టరుకు పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి అచ్చు వేయించారు. తర్వాత తెలిసింది... అది మార్గరెట్ కాన్బీ రాసిన కథను చాలావరకు పోలి ఉందని.

మూడేళ్ల కిందట ఎవరో ఆ కథను హెలెన్ చేతిలో వేళ్లతో అక్షరాలు రాస్తూ వినిపించారు. విన్న సంగతి మరపున పడింది. కథ మాత్రం లోపల ఉండిపోయింది! ఆ చిన్నపిల్ల పెద్దల ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం, ఉత్తరం రాస్తున్నా సరే ఈ వాక్యం నాదేనా అన్న దిగులు వెంటాడిందని ఆమే తన ఆత్మకథలో చెప్పుకున్నారు. విశేషమేమిటంటే, కాన్బీ ఆమెను తప్పుపట్టలేదు. ఎప్పటికైనా సొంతంగా గొప్ప కథ రాస్తావంటూ ధైర్యం చెప్పారు. 1903లో ఆ ఆత్మకథ పుస్తకంగా వచ్చింది. హెలెన్ ఆ రోజే కలం పక్కన పెట్టేసి ఉంటే?

ఒకే పడవలో...

పోలిక ముందే తెలిస్తే ఏం చేయాలి? ‘లైఫ్ ఆఫ్ పై’ సంగతి చూడండి. పాండిచ్చేరి కుర్రాడు, పులి, నడిసముద్రంలో పడవ. యాన్ మార్టెల్ రాసిన ఈ నవలకు 2002లో బుకర్ బహుమతి వచ్చింది. వెంటనే గొడవా వచ్చింది. బ్రెజిల్ రచయిత మొవాసిర్ స్క్లియార్ 1981లోనే ఓ నవల రాశారు. అందులోనూ సముద్రంలో చిన్న పడవ, ఓ యువకుడు, జాగ్వార్ అనే క్రూరమృగం ఉన్నాయి. మార్టెల్ తాను ఆ పుస్తకం చదవలేదని, దానిమీద వచ్చిన సమీక్ష చూశానని చెప్పారు. ముందుమాటలోనే స్క్లియార్‌కు కృతజ్ఞతలు కూడా చెప్పారు. చివరికి స్క్లియార్ కోర్టుకు వెళ్లలేదు. అక్కడ నాజీల నుంచి పారిపోయే యువకుడి కథ. ఇక్కడ దేవుడి మీద నమ్మకం కోసం వెతుక్కునే కుర్రాడి కథ. పడవ ఒకటే, ప్రయాణాలు వేరు.

చట్టం ఏమంటుంది?

ఆలోచనకు కాపీరైట్ లేదు! 1978లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత, తన ‘హమ్ హిందుస్తానీ’ నాటకాన్ని కాపీ కొట్టి 1956లో ‘న్యూఢిల్లీ’ సినిమా తీశారంటూ కోర్టుకెక్కారు. రెండింటిలోనూ ప్రాంతీయ దురభిమానమే ఇతివృత్తం. అయినా కేసు నిలవలేదు. ఇతివృత్తం ఎవరి సొంతమూ కాదనీ, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ ఉంటుందనీ కోర్టు చెప్పింది. రెండూ చూసినవారికి, రెండోది మొదటిదానికి నకలేనని స్పష్టంగా అనిపిస్తేనే తప్పు.

అదే వాక్యాలు ఎత్తి రాస్తే మాత్రం తప్పించుకోలేరు. 2006లో అమెరికాలో భారత సంతతి విద్యార్థిని ఒకరి తొలి నవలలో వేరే రచయిత్రి వాక్యాలను పోలినవి బయటపడ్డాయి. ప్రచురణకర్తలు మార్కెట్‌ నుంచి పుస్తకాన్నే వెనక్కి తీసుకున్నారు.

ఇలా చేసి చూడండి

* కంగారుపడి నోట్సు చింపకండి. ఆ రెండో పుస్తకాన్ని పూర్తిగా చదవండి. వెనక అట్ట మీది నాలుగు వాక్యాల్లో ఒకేలా కనిపించిన కథలు లోపల చాలా దూరంగా ఉండొచ్చు.

* మీ కథను ఐదు వాక్యాల్లో, ఆ కథను ఐదు వాక్యాల్లో రాయండి. ఉప్పెన, విడిపోవడం, కలవడం... ఇవి ఎవరైనా వాడుకోవచ్చు. ఆ ఉప్పెన వేల కుటుంబాలను ముంచింది, దానిమీద ఒకే నవల రావాలని ఎక్కడా లేదు. కానీ రెండింటిలోనూ రాగిచెంబు మీద చెక్కిన పేరు చూసే అన్నాచెల్లెళ్లు గుర్తుపట్టుకుంటే? అది ఆ రచయిత ప్రత్యేకంగా అల్లుకున్నది. అక్కడ మీ దారి మార్చాల్సిందే.

* రాసిన ప్రతులన్నీ తేదీలతో దాచుకోండి. ఎప్పుడైనా మాట వస్తే అవే మీ సాక్ష్యం.

* ఏ పుస్తకమైనా మీకు ప్రేరణ అయితే ముందుమాటలో చెప్పేయండి. అందులో చిన్నతనం లేదు. అయితే కాపీరైట్ ఉన్న రచననే మార్చి రాస్తున్నట్టయితే అనుమతి తీసుకోవాలి. మన దేశంలో ఆ హక్కు రచయిత మరణించాక కూడా 60 ఏళ్లు ఉంటుంది.

ఇక బీరువాలోని ఆ నోట్సు సంగతి. అందులో ఉప్పెన తర్వాత ఓ అవ్వ తడిసిన బియ్యాన్ని చాప మీద ఎండబోస్తూ, పోయిన మనవళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ ఉంటుంది. అది ఆమె తన అమ్మమ్మ నోట విన్నది. పుస్తక ప్రదర్శనలో చూసిన నవలలో ఆ అవ్వ లేదు. ఇంకెవరి నవలలోనూ ఉండదు. చీరల అడుగు నుంచి ఆ పుస్తకం బయటికి తీయకపోతే, ఆ అవ్వ సంగతి చెప్పేవాళ్లెవరు?