ఇంగ్లండులో స్థానిక పన్ను బాకీల వసూలు: 2014 నిబంధనలు - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

ఇంగ్లండు, వేల్స్‌లలో స్థానిక సంస్థలు తమ సేవల నిర్వహణకు నివాసగృహాలపై కౌన్సిల్ టాక్స్ విధిస్తాయి. 1993 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ పన్ను సాధారణంగా ఇంటి యజమానిపై కాక, ఆ ఇంట్లో నివసించేవారిపై పడుతుంది. అందువల్ల అద్దెకున్నవారు సైతం బాకీదారులు కావచ్చు. ఆ బాకీల వసూలు విధానంలో 2014లో వచ్చిన మార్పులను, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

న్యాయస్థానం పాత్ర:

వాయిదా తప్పినవారికి ముందుగా హెచ్చరిక నోటీసు వస్తుంది. ఏడు రోజులలో చెల్లించకపోతే, మరో ఏడు రోజులు గడిచాక ఆ సంవత్సరపు మిగిలిన పన్ను మొత్తం ఒకేసారి చెల్లించవలసి ఉంటుంది. అప్పటికీ చెల్లించకపోతే స్థానిక సంస్థ మేజిస్ట్రేట్ కోర్టు నుండి 'లయబిలిటీ ఆర్డర్' కోరుతుంది. పన్ను చెల్లించవలసి ఉందనీ, చెల్లించలేదనీ రుజువైతే కోర్టు ఆ ఉత్తర్వు ఇచ్చితీరాలి. పేదరికం ఆ దశలో ప్రతివాదంగా నిలవదు.

2014 నాటి మార్పులు:

ఉత్తర్వు తరువాత స్థానిక సంస్థ ఎంచుకోగల మార్గాలలో వస్తువుల జప్తు ఒకటి. 2007లో చేసిన చట్టం ఆధారంగా 2014 ఏప్రిల్ 6న పాత జప్తు పద్ధతి రద్దయి, కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. సివిల్ ప్రొసీజర్ రూల్స్‌లో 83, 84, 85 భాగాలు అదే రోజున చేరాయి. మన కోర్టు అమీనాను తలపించే 'బెయిలిఫ్' చట్టపరిభాషలో 'ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్' అయ్యాడు.

మార్పు పేరుకే పరిమితం కాలేదు. జప్తుకు కనీసం ఏడు పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివాసగృహానికి సాధారణంగా ఉదయం 6 నుండి రాత్రి 9 గంటల మధ్యనే రావాలి. ఇంట్లో పిల్లలు మాత్రమే ఉన్నప్పుడు లోపలికి ప్రవేశించరాదు. పొయ్యి, ఫ్రిజ్, పడకలు వంటి నిత్యావసరాలనూ, 1,350 పౌండ్ల విలువ వరకు వృత్తి పనిముట్లనూ జప్తు చేయరాదు.

రుసుముల భారం:

ఇష్టానుసారపు ఛార్జీల స్థానంలో నిర్ణీత రుసుములు వచ్చాయి. 2014లో నిర్ణయించిన ప్రకారం బాకీ ఏజెంటుకు చేరగానే 75, ఇంటికి వచ్చినప్పుడు 235, అమ్మకపు దశలో 110 పౌండ్లు. ఉదాహరణకు 200 పౌండ్ల బాకీ, ఏజెంటు ఒక్కసారి గడప తొక్కేసరికి 510 అవుతుంది. అసలు కంటే ఖర్చే ఎక్కువ. రుసుములో స్పష్టత వచ్చింది గాని, చిన్న బాకీదారుకు ఊరట రాలేదు.

తరువాతి పరిణామాలు:

2019 ఏప్రిల్ నుండి వేల్స్‌లో ఈ బాకీకి జైలుశిక్ష రద్దయింది. 2021 మే 4న వచ్చిన పథకం రుణసలహా పొందేవారికి 60 రోజుల వెసులుబాటు ఇచ్చింది. కౌన్సిల్ టాక్స్ బకాయిలు దాని పరిధిలోకి వస్తాయి.

ముగింపు:

2014 నిబంధనలు గడప దగ్గరి ప్రవర్తనను క్రమబద్ధం చేశాయి. బాకీ గడప దాకా వచ్చే తీరును మార్చలేదు. అక్కడ చదివే తెలుగు విద్యార్థులకూ ఇది అన్వయిస్తుంది. పూర్తికాల విద్యార్థులే నివసించే ఇంటికి ఈ పన్ను మినహాయింపు ఉంది. చదువు ముగిస్తే అది ఆగుతుంది. కనుక తొలి నోటీసుకు స్పందించడమే బాకీదారుకు అత్యంత చౌకైన రక్షణ.