పుల్లయ్య (పేరు)

పుల్లయ్య తెలుగువారిలో పురుషులకు పెట్టే ఒక పేరు. స్త్రీలకు దీని సమాన రూపం పుల్లమ్మ. పుల్లారావు, పుల్లారెడ్డి వంటి రూపాలు కూడా వాడుకలో ఉన్నాయి. కృష్ణా డెల్టాలో ఉయ్యూరు, పామర్రు, గుడివాడ పరిసరాలతో సహా కోస్తా జిల్లాలలో పాత తరంవారికి ఇది పరిచితమైన పేరు.

పేరు పుట్టుక

తెలుగులో "పుల్ల" అనే మాటకు కట్టెపుల్ల అనీ, పశువుల విషయంలో ఒక విధమైన ఎర్రని వన్నె అనీ అర్థాలున్నాయి. అయితే ఈ పేరుకు మూలంగా సంప్రదాయం చెప్పేది "పుల్లాకు" లేక "పుల్లి విస్తరాకు". అరటి ఆకైనా, కుట్టిన విస్తరి అయినా భోజనం ముగిసిన తరువాత అది పుల్లాకు, అనగా ఎంగిలాకు. దీనికి గౌరవవాచకమైన "అయ్య" చేరి పుల్లయ్య అయినది.

ఆచారం

పూర్వం పుట్టిన బిడ్డలు వరుసగా దక్కకపోతే, తరువాత పుట్టిన శిశువును పుల్లి విస్తరాకులపై పడుకోబెట్టి లేదా పొర్లించి, తిరిగి తీసుకొని పుల్లయ్య అని పేరు పెట్టేవారు. పారవేసిన వస్తువుపై మృత్యువుకు గాని, చెడు దృష్టికి గాని ఆశ కలుగదని నమ్మకం. చూడగా తక్కువచేసినట్లున్న ఈ పేరు నిజానికి బిడ్డ బ్రతకాలన్న తల్లిదండ్రుల ప్రార్థన. బిడ్డలను పోగొట్టుకున్న దుఃఖం కూడా అందులో ఇమిడి ఉన్నది.

తాతపేరు మనుమడికి పెట్టే అలవాటు వలన ఈ పేరు తరతరాలకు సంక్రమించింది. కనుక పుల్లయ్య అనే పేరున్న ప్రతివారి విషయంలోను ఈ ఆచారం జరిగిందని భావించరాదు.

ఇటువంటి ఇతర పేర్లు

* పెంటయ్య, పెంటమ్మ: శిశువును పెంటకుప్పపై ఉంచి తీసుకొన్నందువలన.
* బిచ్చయ్య, భిక్షమయ్య: బిడ్డను భిక్షగా పొందినట్లు భావించి.
* తవిటయ్య: తవుడు ఇచ్చి బిడ్డను కొన్నట్లు భావించి. ఉత్తరాంధ్రలో కానవస్తుంది.

తమిళుల కుప్పుస్వామి అనే పేరులోని "కుప్ప"కు కూడా ఇదే భావం. సెర్బియా భాషావేత్త వూక్ కరజిచ్ (1787-1864)కు ముందు పుట్టిన బిడ్డలు మరణించగా, దుష్టశక్తులు దరిచేరకుండా ఉండడానికి తల్లిదండ్రులు "తోడేలు" అని అర్థమిచ్చే పేరు పెట్టారు.

సామెత

"పుల్లయ్య వేమవరం" అనే సామెత ప్రసిద్ధం. మరునాడు పుల్లయ్యను వేమవరం పంపాలని యజమాని అనుకొంటుండగా విన్న పుల్లయ్య, పని ఏమిటో అడుగకుండానే వెళ్ళి తిరిగివచ్చాడట. ప్రయోజనం తెలియకుండా చేసే శ్రమకు దీనిని వాడుతారు.

ఈ పేరుగల ప్రముఖులు

* చిత్తజల్లు పుల్లయ్య (1898-1967): సినీ దర్శకుడు. 1934 నాటి లవకుశ దర్శకుడు. 1963 నాటి రంగుల లవకుశను ఆయన ప్రారంభించగా కుమారుడు సి.ఎస్.రావు పూర్తిచేశాడు.
* పి.పుల్లయ్య: నెల్లూరులో 1911లో జన్మించిన సినీ దర్శకుడు. జయభేరి (1959), శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం (1960) ఆయన చిత్రాలు. నటి శాంతకుమారి ఆయన భార్య.
* జి.పుల్లారెడ్డి: కర్నూలులో మిఠాయి వ్యాపారం ప్రారంభించి, విద్యాసంస్థలు నెలకొల్పిన వ్యాపారవేత్త.

ప్రస్తుత వాడుక

భారతదేశంలో ప్రతి వేయి సజీవ జననాలకు 1971లో 129గా ఉన్న శిశు మరణాలు 2020 నాటికి 28కి తగ్గాయి. టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరగడంతో ఈ ఆచారానికి కారణమైన భయం చాలవరకు తొలగిపోయింది. నేడు శిశువులకు ఈ పేరు పెట్టడం అరుదు.